వంటగట్టు మనది, ఊపిరి ఎవరిది?



మా పొన్నూరులో గాని, చుట్టుపక్కల పల్లెల్లో గాని కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారిని వంటింటి గట్టుకు ఏ రాయి వేయిస్తున్నారని అడిగి చూడండి. ఒక తరం కిందట కడప రాయి అనేవారు. తరువాత చీమకుర్తి గ్రానైటు అన్నారు. ఇప్పుడు ‘క్వార్ట్జ్ వేయిస్తున్నామండీ’ అనే మాట తరచుగా వినిపిస్తోంది. పాలమీగడ వంటి తెలుపు, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ కాని రంగు, తేలికగా మరక పట్టని నునుపు. చూడముచ్చటగానే ఉంటుంది. పేరుకు రాయే గాని ఇది కొండలో పుట్టినది కాదు; కర్మాగారంలో అచ్చు పోసి చేసినది.

ఆరోగ్యం గురించి రాసే ఈ పుటలో రాళ్ళ ప్రస్తావన ఎందుకని మీకు సందేహం కలగవచ్చు. ఈ రాయి మీ వంటింట్లో కుదురుకున్న తరువాత ఎవరికీ హాని చేయదు. కుదురుకునే ముందు, దానిని కోసి, చెక్కి, సింకుకు రంధ్రం చేసే మనిషికి మాత్రం ప్రాణాంతకం కాగలదు. ఆ ప్రమాదాన్ని తప్పించే శక్తి చాలావరకు ఇంటి యజమాని అయిన మీ చేతిలోనే ఉంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇదొక్కటే.

రాతిని పోత పోయడం

రాతిని మనిషి స్వయంగా తయారు చేసుకోవాలనుకోవడం కొత్త కోరిక కాదు. 1824లో ఇంగ్లండులోని జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ పనివాడు తన సిమెంటుకు పేటెంటు తీసుకుంటూ దానికి ‘పోర్ట్‌లాండ్’ అని పేరు పెట్టాడు. గట్టిపడిన ఆ సిమెంటు అక్కడి ప్రసిద్ధమైన పోర్ట్‌లాండ్ రాయిని పోలి ఉంటుందన్నది ఆయన చెప్పుకున్న గొప్ప. మన పాత డాబా ఇళ్ళలోని మొజాయిక్ గచ్చు కూడా కృత్రిమ శిలయే. సిమెంటులో పాలరాతి ముక్కలు కలిపి పరచి, గట్టిపడ్డాక అరగదీసేవారు. ఇనుప అచ్చుల్లో పోసిన సిమెంటు కిటికీ జాలీలు, ప్రహరీ స్తంభాలు కూడా ఆ కుటుంబంలోనివే.

నేటి క్వార్ట్జ్ పలకకు సిమెంటుతో సంబంధం లేదు. ఇటలీ ఉత్తర భాగంలో మార్చెల్లో టొంచెల్లి 1963లో స్థాపించిన బ్రెటన్ అనే సంస్థ రూపొందించిన యంత్ర విధానమే దీనికి మూలం. పొలం గట్ల మీద తెల్లగా మెరిసే పలుగురాయి మనకందరికీ తెలిసినదే. క్వార్ట్జ్ అంటే అదే. ఆ రాతిని నలగగొట్టి, కొంత రవ్వగా, కొంత మెత్తని పిండిగా వేరు చేస్తారు. బరువులో 90 శాతానికి పైగా ఆ రవ్వా పిండీ తీసుకుని, మిగిలిన పాలు పాలియెస్టర్ రెజిన్ అనే జిగురు, రంగులు, రాతికీ జిగురుకూ పొత్తు కుదిర్చే రసాయనం చేర్చి కలుపుతారు. తడి ఇసుకలా తయారైన ఆ మిశ్రమాన్ని పెద్ద పళ్ళెం వంటి అచ్చులో సమంగా పరుస్తారు. అందులోని గాలినంతా యంత్రం పీల్చివేస్తూ, కంపింపజేస్తూ, పైనుంచి బలంగా నొక్కుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో అది రంధ్రం లేని పలక అవుతుంది. ఆపైన సుమారు 80, 90 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల కొలిమి గదిలో అరగంటకు పైగా ఉంచితే జిగురు గట్టిపడుతుంది. చల్లారాక వజ్రపు పలుకులు పొదిగిన పరికరాలతో మెరుగు పెడతారు. దాదాపు పది అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు, రెండు లేదా మూడు సెంటీమీటర్ల మందం గల పలక సిద్ధమవుతుంది.

ఇది ఎక్కడో విదేశాల్లో జరిగే పని కూడా కాదు. పోకర్ణ సంస్థ బ్రెటన్ యంత్రాలతోనే విశాఖ సమీపాన అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోను, హైదరాబాదు దగ్గర మేకగూడలోను ఇటువంటి పలకలు తయారు చేస్తోంది. వాటిలో అధిక భాగం అమెరికాకు ఎగుమతి అవుతుంది. అంటే తెలుగు నేల మీద పోత పోసిన రాయి అమెరికా వంటిళ్ళలో కూర్చుంటోంది. అమెరికాలో ఆ జాతి రాళ్ళను కోసిన పనివాళ్ళకు ఏమైందో తెలుసుకోవలసిన బాధ్యత మనకు రెండింతలు ఉంది.

ఏ రాతిలో ఎంత సిలికా

పలుగురాతి అసలు పదార్థం స్ఫటిక రూపంలోని సిలికా. పాలరాతిలో ఇది సాధారణంగా ఐదు శాతం లోపు. గ్రానైటులో రకాన్ని బట్టి పావు వంతు నుంచి దాదాపు సగం దాకా. క్వార్ట్జ్ పలకలో 90 శాతానికి పైన. కడప రాయి, మాచర్ల నాపరాయి సున్నపురాయి జాతివి కనుక వాటిలో సిలికా తక్కువ. అన్ని రాళ్ళనూ ఒకే మిషనుతో, ఒకే విధంగా కోసే మేస్త్రికి ఈ తేడా కంటికి కనిపించదు. అన్నిటి దుమ్మూ తెల్లగానే ఉంటుంది.

పలక గట్టిగా ఉన్నంతసేపు సిలికా జిగురులో బందీ అయి ఉంటుంది. దాని మీద కూరలు తరగండి, పిండి కలపండి, రోజుకు నాలుగుసార్లు తుడవండి, భయం లేదు. (వేడి గిన్నెను నేరుగా పెట్టకండి, కింద కుదురు వేయండి. అది ఆరోగ్యం కోసం కాదు, వేడికి జిగురు చెడి రాయి మచ్చ పడకుండా.) బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ రాతిని తాకినప్పుడు మాత్రం ఆ బందీ విడుదలవుతుంది.

ఘాటు లేని ధూళి

మన ప్రాంతంవారికి ధూళి కొత్త కాదు. గుంటూరు మిర్చి యార్డులో అడుగు పెట్టిన మనిషి పది నిమిషాల్లో తుమ్ముతాడు, కళ్ళు మండుతాయి, గొంతు పట్టుకుంటుంది. పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవారికి నూగు ముక్కులో చేరి దగ్గు వస్తుంది. ఆ ధూళి మనల్ని హెచ్చరిస్తుంది, పక్కకు జరగమంటుంది. రాతి ధూళి అలా కాదు. దానికి ఘాటు లేదు, వాసన లేదు, మంట లేదు. హాని చేసే కణం ఎంత చిన్నదంటే, మన వెంట్రుక మందంలో పదిహేనో వంతు కూడా ఉండదు. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తేమ పెద్ద కణాలను పట్టుకుంటాయి. ఇవి వాటిని దాటుకుని ఊపిరితిత్తుల చిట్టచివరి గాలిగదుల్లోకి పోతాయి.

అక్కడ కాపలా ఉండే రక్షక కణాలు వాటిని మింగుతాయి. సూక్ష్మజీవినైతే జీర్ణం చేసుకునేవి. రాతిని జీర్ణం చేసుకోలేక అవే చనిపోతాయి. చనిపోతూ విడిచిన పదార్థాలు చుట్టూ వాపును పుట్టిస్తాయి. విడుదలైన రాతి కణాన్ని మరొక రక్షక కణం మింగుతుంది, అదీ చనిపోతుంది. ఈ పోరు జరిగిన ప్రతి చోటా మచ్చ ఏర్పడుతుంది. మచ్చలు కలిసి గడ్డలవుతాయి. స్పంజిలా సాగవలసిన ఊపిరితిత్తి తోలులా బిగుస్తుంది. దీనినే సిలికోసిస్ అంటాము.

దీనిని నయం చేసే మందు లేదు. ధూళికి దూరమైన తరువాత కూడా కొందరిలో వ్యాధి ముదురుతూనే పోతుంది. చివరి దశలో ఊపిరితిత్తి మార్పిడి ఒక్కటే దారి. అది ఎందరికి అందుతుందో మీరే ఊహించగలరు. సాధారణ రాతి పనుల్లో ఈ వ్యాధి పది, ఇరవై ఏళ్ళకు బయటపడుతుంది. సిలికా మోతాదు ఎక్కువైన చోట ఐదు, పదేళ్ళలోనే, మరీ తీవ్రమైతే కొద్ది నెలల్లోనే రావచ్చు. దీనితో పాటు క్షయ సోకే ముప్పు పెరుగుతుంది. కీళ్ళవాతం, మూత్రపిండాల వ్యాధులకు కూడా అవకాశం హెచ్చుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 1997లోనే సిలికా ధూళిని మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

ఒక చిన్న లెక్క

సింకు కోసం గట్టులో ఇరవై రెండు అంగుళాల పొడవు, పదహారు అంగుళాల వెడల్పు రంధ్రం చేయాలనుకోండి. చుట్టుకొలత డెబ్బై ఆరు అంగుళాలు. పలక మందం రెండు సెంటీమీటర్లు, బ్లేడు తినే వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు. ఆ కోత ఒక్కటే పావుకిలోకు కొంచెం తక్కువగా రాతిని పొడి చేస్తుంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. అమెరికా కార్మిక భద్రతా నిబంధనల ప్రకారం, ఎనిమిది గంటల పని సగటున, పీల్చదగినంత సన్నని సిలికా ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములకు మించరాదు. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల వంటగదిలో పట్టే గాలి సుమారు 28 ఘనపు మీటర్లు. అంటే ఆ గది మొత్తం గాలిలో 1.4 మిల్లీగ్రాములు తేలుతూ ఉంటే చాలు, హద్దు చేరుకున్నట్లే. అది చిటికెడు ఉప్పులో సుమారు రెండు వందల వంతు. పావుకిలో పొడి అంతా అంత సన్నగా ఉండదు, నిజమే. అందులో అత్యల్ప భాగం సన్ననిదైనా ఆ హద్దు ఎన్ని రెట్లు దాటుతుందో ఊహించుకోండి. అటువంటి గదిలో, తలుపులు మూసి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని పనిచేసే కుర్రవాడు సాయంత్రానికి ముఖం కడుక్కుంటాడు. లోపలికి పోయినదాన్ని కడుక్కోలేడు.

ఇతర దేశాల అనుభవం

ఇజ్రాయెల్ వంటిళ్ళలో కృత్రిమ శిల మనకంటే ముందే వ్యాపించింది. అక్కడి ఊపిరితిత్తి మార్పిడి కేంద్రానికి వచ్చిన ఇరవై ఐదుగురు రాతి కోత పనివారి వివరాలను వైద్యులు 2012లో ప్రచురించారు. వారిలో పదిమందికి ఊపిరితిత్తి మార్చవలసి వచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 52 మంది రోగులపై జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. రోగ నిర్ధారణ నాటికి వారి మధ్యస్థ వయస్సు 45 ఏళ్ళు. అప్పటికే పదిమంది మరణించారు. దాదాపు అందరూ పొట్టకూటికి లాటిన్ అమెరికా నుంచి వలస వచ్చినవారే. సగానికి పైగా రోగుల్లో వ్యాధిని గుర్తించడం ఆలస్యమైంది. కొందరిని న్యుమోనియా అని, మరికొందరిని క్షయ అని మొదట భావించారు.

ఆస్ట్రేలియా మరింత దూరం వెళ్ళింది. 2023 డిసెంబరులో అక్కడి మంత్రులు నిర్ణయం తీసుకుని, 2024 జూలై 1 నుంచి ఈ క్వార్ట్జ్ పలకల తయారీ, సరఫరా, కోత, బిగింపులను నిషేధించారు. ప్రపంచంలో అటువంటి నిషేధం అదే మొదటిది. అంత సంపన్న దేశం, అంత కట్టుదిట్టమైన తనిఖీలు ఉన్న దేశం కూడా ‘జాగ్రత్తగా కోయించలేకపోయాం’ అని చేతులెత్తేసిందంటే, నీటి గొట్టం కూడా లేని మన పనిచోట్ల మాట ఏమిటి?

మన దేశంలో

మన దేశానికి ఈ వ్యాధితో పాత పరిచయమే. గుజరాత్‌లోని గోద్రా, బాలాసినోర్ ప్రాంతాల పలుగురాతి పొడి మిల్లుల్లో కూలికి వెళ్ళిన మధ్యప్రదేశ్ గిరిజనులు సిలికోసిస్‌తో రాలిపోయారు. 238 మంది మృతుల కుటుంబాలకు మూడేసి లక్షలు చెల్లించమని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2010లో సిఫారసు చేసింది. పరిహారం చెల్లించవలసిందేనని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ఇటువంటి ధూళి వ్యాధులకు ప్రత్యేక విధానమే ప్రకటించింది. మన వైపున మార్కాపురం పలకలు, చీమకుర్తి గ్రానైటు, మార్టూరు, బల్లికురవ క్వారీలు, కోత మిల్లులు ఉన్నాయి. రాతి మీద బతికే వేలాది కుటుంబాలు ఉన్న నేల ఇది.

మన దగ్గర ఈ వ్యాధి దాగిపోవడానికి క్షయ ఒక ముఖ్య కారణం. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో పై భాగాన మచ్చలు. రెండిటి లక్షణాలూ ఒకటే. తెమడలో క్రిమి కనబడకపోయినా అనుమానంతో క్షయ మందులు మొదలవుతాయి. తగ్గకపోతే మళ్ళీ మొదలవుతాయి. రెండు వ్యాధులూ కలిసి ఉండడమూ సాధారణమే కనుక, ఎవరూ ఈ వ్యాసం చదివి క్షయ మందులు మానరాదు. కాని రాతి పని చేసే మనిషికి ఆయాసం వస్తే ఒక ప్రశ్న తప్పక అడగాలి. 1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రమజ్జినీ వృత్తి వ్యాధులపై గ్రంథం రాస్తూ, రోగిని అడిగే ప్రశ్నలకు ‘నువ్వేం పని చేస్తావు?’ అన్నదాన్ని చేర్చమని వైద్యులను కోరాడు. మూడు వందల ఏళ్ళు దాటినా రద్దీగా ఉండే మన ఔట్ పేషెంటు విభాగాల్లో ఆ ప్రశ్నకు చోటు దొరకడం లేదు. ‘కూలి’ అని రాసుకుని ముందుకు పోతాము. ఏ కూలి, ఎన్నాళ్ళు, ఏ ధూళిలో అన్నదే రోగ నిర్ధారణలో సగం.

మీకు కలిగే సందేహాలు

‘అయితే మనమూ నిషేధించవచ్చు కదా’ అని కొందరు అడుగుతారు. నా అభిప్రాయం కొంచెం వేరు. కాగితం మీది నిషేధం కంటే పొడి కోతను ఆపడం ముందు జరగాలి. రేపు క్వార్ట్జ్ పలక మాయమైనా, గ్రానైటును పొడిగా కోసే అలవాటు మిగిలితే వ్యాధి మెల్లగా వస్తుంది గాని రాకమానదు. ఇళ్ళ దగ్గర పొడి కోతను ప్రభుత్వం చట్టరీత్యా నిషేధించాలి. నీటి ఏర్పాటు, ధూళి పీల్చే యంత్రం ఉన్న యార్డుల్లోనే కోత జరిగేలా లైసెన్సు పెట్టాలి. అది అమలు చేయలేమని తేలితే అప్పుడు ఆస్ట్రేలియా బాట పట్టవలసిందే.

‘మాస్కు ఇస్తే సరిపోదా?’ అన్నది రెండో ప్రశ్న. తువ్వాలు, గుడ్డ మాస్కు, ఆసుపత్రిలో వాడే పలుచటి మాస్కు ఈ కణాలను ఆపలేవు. ఎన్-95 కొంత ఆపుతుంది, ముఖానికి బిగుతుగా అతికితేనే. గడ్డం ఉన్నా, చెమటకు జారినా దాని ప్రయోజనం పోతుంది. మే నెల ఎండలో మన ఊళ్ళో ఎనిమిది గంటలు ఎవరు దానిని బిగించుకుని ఉండగలరు? ధూళి పుట్టకుండా చూడడమే అసలు మందు. మాస్కు దానికి తోడు మాత్రమే.

‘పనివాళ్ళే నీళ్ళు వద్దంటారు’ అన్నది మూడో మాట. నిజమే. నీళ్ళు పోస్తే గీత కనబడదు, పని సాగదు, కరెంటు షాకు భయం. అందుకే కోత ఇంటి దగ్గర కాకుండా యార్డులోనే జరగాలంటున్నాను. ముక్కకు ఇంత అని కూలి తీసుకునే మనిషి తన ఊపిరి కోసం వేగం తగ్గించుకోలేడు. ఆ ఆలస్యానికి డబ్బు ఇవ్వవలసినది మనమే.

మీరు చేయగలిగినవి

రాయి ఎంపికలో మీ అభిరుచి మీది. నన్ను అడిగితే వంటగట్టుకు కడప రాయి గాని, గ్రానైటు గాని చాలునంటాను. ఏ రాయి అయినా ఈ నియమాలు పాటించండి:

గట్టు కొలతలు, సింకు, స్టవ్వు రంధ్రాల కొలతలు ముందే ఖాయం చేసి, కోత అంతా దుకాణం యార్డులోనే, నీటి ధార కింద జరగాలని బేరంలోనే చెప్పండి. ఇంటికి వచ్చాక బిగింపు తప్ప కోత వద్దనండి.

అంచు సరిచేయడం వంటి చిన్న పని తప్పనిసరి అయితే బయట ఆరుబయట, నీళ్ళు పోస్తూ, మంచి మాస్కుతో చేయించండి. విద్యుత్ భద్రత ఉన్న, నీటితో వాడేందుకు తయారైన మిషన్ ఉందో లేదో చూడండి.

పని జరిగే చోటికి పిల్లలను, ఆయాసం ఉన్నవారిని రానివ్వకండి. రాతి దుమ్మును పొడిగా చీపురుతో ఊడ్చవద్దు, ఊడిస్తే మళ్ళీ గాలిలో లేస్తుంది. తడిగుడ్డతో తుడిపించండి.

ఇక రాతి పనిలో ఉన్న సోదరులకు నా మాట. ఏడాదికొకసారి ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి సామర్థ్య పరీక్ష చేయించుకోండి. మెట్లెక్కుతుంటే తోటివారికంటే ముందే ఆయాసం వస్తున్నా, దగ్గు మూడు వారాలకు మించినా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి ‘నేను రాయి కోస్తాను, ఇన్నేళ్ళుగా కోస్తున్నాను’ అని మీరే ముందుగా చెప్పండి. పొగ తాగడం మానండి. 1996 నాటి చట్టం కింద ఏర్పడిన భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోండి. రాజస్థాన్ నుంచో మరో రాష్ట్రం నుంచో వచ్చిన పనివాళ్ళు మీతో ఉంటే వారికీ ఈ మాట చెప్పండి.

మా పొన్నూరు భావనారాయణ స్వామి గుడిలో రాతి స్తంభాలను చూసి ఎంత నేర్పరులో అనుకుంటాము. ఉలి, సుత్తితో చేసిన ఆ పనిలోనూ ధూళి లేచే ఉంటుంది. ఆ శిల్పులు ఎన్నాళ్ళు బతికారో ఎవరూ రాసి పెట్టలేదు. ఈనాటి పనివాడి ఆయుర్దాయం గురించి మనకు తెలియదనే వీలు లేదు. వ్యాధి ఎలా వస్తుందో తెలుసు, ఎలా ఆగుతుందో తెలుసు. ఒక నీటి గొట్టం, ఒక రోజు ఆలస్యం, బేరంలో మరికొంత సొమ్ము. ఇంటి ఖర్చులో ఇవి లెక్కలోకి వచ్చేవి కావు.

ఈ ఏడాది గృహప్రవేశం పెట్టుకున్నవారు మీ బంధువుల్లోనో ఇరుగుపొరుగులోనో తప్పక ఉంటారు. ముహూర్తం దగ్గర పడి పని తొందర పెట్టకముందే వారికి ఈ విషయం చెప్పండి. మీ సందేహాలు రాయండి, తెలిసినంతవరకు సమాధానమిస్తాను.